అవతలి ఒడ్డు ఓట్లు, ఇవతలి ఒడ్డు కొట్లాట

మొన్న సాయంత్రం వార్తలు చూస్తూ చూస్తూ పొరపాటున రిమోట్ మీద కూర్చున్నాను. టీవీ గొంతు పడిపోయింది. తెరమీద ఎవరో పెద్ద నాయకుడు మైకు ముందు నిలబడి వేలు ఆడిస్తున్నాడు, నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు, గుండె మీద చెయ్యి వేసుకుంటున్నాడు. పక్కన ఒకతను పూలదండ పట్టుకుని ఎంతసేపటి నుంచో నిలబడి ఉన్నాడు పాపం, ఈయన అటు చూస్తే ఒట్టు. నాకు నవ్వు ఆగలేదు. ఇంట్లో ఒక్కదాన్నే పడీ పడీ నవ్వాను. తర్వాత చిన్నమ్మ గుర్తొచ్చి, మళ్లీ శబ్దం పెట్టబుద్ధి కాలేదు.

"మాట ఇంటే మోసపోతం బిడ్డా. మాట అందరిది బాగనే ఉంటది. సప్పుడు బంద్ చేసి సూడు, మనిషి ఎసొంటోడో ఎరుకైతది" అనేది మా చిన్నమ్మ. అనడమే కాదు, సిరోంచలో వాళ్లింట్లో వార్తలు ఎప్పుడూ మూగవే. రిమోట్‌కు ప్లాస్టిక్ కవరు తొడిగి, దానికి రబ్బరు బ్యాండు వేసి, దిండు కింద పెట్టుకునేది. నాయకుడు తెరమీదకు రాగానే గొంతు నొక్కేసేది. ఇక తీర్పులు మొదలు. "సూడు, నీళ్ల గ్లాసు తెచ్చినోని మొకం దిక్కు గూడ సూడలే. గీనికి ఓటేస్తె మన మొకం సూస్తడా?" ఇంకొకాయన వచ్చేవాడు. "గీన కుర్చీల కూసునేటప్పుడు ఎనుకకు మర్రి సూసుకున్నడు. ఎవడన్న గుంజుతడని భయమున్నది. నిలువడు పో." మా చిన్నబాపు, అంటే ఆమె మొగుడు, "అసలు ఆయన ఏమంటుండో జర ఇననియ్యే" అని బతిమాలుకునేవాడు. "ఏమంటడు? చేస్తమంటడు. పొద్దుగాల సంది అందరు గదే అనవట్టిరి" అని దిండు మీద ఇంకా గట్టిగా ఆనుకునేది.

ఆమె పేరు నేను రాయను. రాస్తే ఇప్పటికీ ఏదో ఒక పార్టీవాళ్లు వచ్చి మా మనిషే అంటారు. ఆమె ఎవరి మనిషీ కాదు. ఇంకా చెప్పాలంటే ఎప్పుడూ గెలవని వాళ్ల మనిషి. ఢిల్లీ గానీ, బొంబాయి గానీ, హైదరాబాదు గానీ, కుర్చీలో ఎవరున్నా చిన్నమ్మ వాళ్లకు వ్యతిరేకం. ఇన్నాళ్లూ మోసిన పార్టీ గెలిచిందనుకోండి, ఓ రోజు తియ్యగా రవ్వ శీర వండి వాడకట్టంతా పంచేది, ఆ మర్నాటి నుంచే తప్పులు వెతకడం మొదలుపెట్టేది. ఇదేం న్యాయమే అని అడిగితే, "కుర్చీల కూసున్నోన్ని నేనెందుకు మోయాలె? ఆన్ని కుర్చీ మోస్తనే ఉన్నది గద" అనేది.

నాయకుల పేర్లు ఆమె నోట నేను ఎప్పుడూ వినలేదు. అధికారంలో ఉన్నాయన "ఉన్నాయన". దానికోసం కొట్లాడుతున్నాయన "రావాలనుకునేటాయన". ఒక పార్టీ వదిలి ఇంకో పార్టీలో చేరినవాడు "ఇల్లరికం పోయినోడు". ఢిల్లీలో నాలుగైదు పార్టీలు కలిసి నడిపే ప్రభుత్వం "యారాండ్ల సంసారం", అంటే తోడికోడళ్ల కాపురం. అందులో ఒక పార్టీ మద్దతు తీసేసిందని వార్త వస్తే, "ఇగ చూడు, చిన్న యారాలు అలిగి తల్లిగారింటికి పోయింది. రెండు చీరలు పెడితె మల్ల వస్తది" అనేది. నిజంగానే కొన్నాళ్లకు తిరిగి వచ్చేవాళ్లు! గవర్నరు గారి సంగతి అడిగితే, "పెండ్లిల పెద్దమనిషి. కూసుంటడు, తింటడు, పోతడు" అని తేల్చేసింది. పత్రికల్లో పేజీలకు పేజీలు రాసేవన్నీ మా వాడకట్టు ఆడవాళ్లకు ఇలా ఒక్క ముక్కలో అర్థమైపోయేవి.

మా సిరోంచ సంగతి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. మాది మహారాష్ట్ర. ఓటు బొంబాయికి, పహాణీలు మరాఠీలో, బడిలో పాఠం మరాఠీలో. ఇంట్లో మాట, పాట, తిట్టు మాత్రం తెలుగు. ప్రాణహిత నది దాటితే అవతల అప్పట్లో ఆంధ్రప్రదేశ్. వంతెన లేదు. పెళ్లి సంబంధాలు, పసుపు కుంకుమలు, తెలుగు పేపరు, అన్నీ నావలోనే రావాలి. టీవీ పెడితే తెలుగు చానళ్లే. కాబట్టి మాకు ఓటున్న రాజకీయం మాకు తెలియదు, మాకు తెలిసిన రాజకీయంలో మాకు ఓటు లేదు. ఆ ఒడ్డున ఎలక్షన్లు వస్తే ఈ ఒడ్డున బజారులో కాలర్లు పట్టుకునేవాళ్లు. చాయ్ హోటల్లో బల్లలు వేరుపడేవి. ఏ ఒక్కడి పేరూ అక్కడ ఓటరుగా ఉండేది కాదు. దీన్ని పిచ్చి అంటారా, ఇంకేమన్నా అంటారా, మీ ఇష్టం. మేమైతే సీరియస్‌గానే కొట్లాడేవాళ్లం.

చిన్నమ్మ పుట్టింది ఆ ఒడ్డున, మెట్టింది ఈ ఒడ్డున. అందుకని రెండింటి మీదా హక్కు ఉందనుకునేది. "బొంబాయి సర్కారు మన మేనమామ అసొంటిది. ఉన్నడని ఎరుకే, ఎన్నడు రాడు" అనేది. అవతలివాళ్లు వేరు రాష్ట్రం కావాలని లొల్లి చేస్తున్న రోజుల్లో మా వాడలో ఒకతను, వాళ్లు వేరుపడితే మనం ఎటు పోదాం అని అడిగాడు. చిన్నమ్మ బియ్యం చెరుగుతూ తల ఎత్తకుండానే, "మనమేడికి పోతం? మనం పుట్టంగనే వేరువడ్డోల్లం" అంది.

బామ్ని రోడ్డు మీద వాళ్లకు వరి పొలం ఉండేది. నాట్లప్పుడు చూడాలి ఆ సభ! బురదలో వంగి నాటు వేస్తూనే ఆడవాళ్లు రెండు పార్టీలు. చిన్నమ్మ ఒక కొస, వ్యతిరేకులు ఇంకో కొస. అడవి ఊరి నుంచి కూలికి వచ్చే జంగుబాయి మాత్రం నడుమ. ఇంట్లో గోండి, బజారులో మరాఠీ, చిన్నమ్మ పొలంలో తెలుగు మాట్లాడే మనిషి. ఒకసారి నడుము ఎత్తి, "అక్కా, పొద్దుందాక ఢిల్లీ ఢిల్లీ అంటవు. గదెంత దూరముంటది?" అని అడిగింది. "బొంబాయి కన్న దగ్గర్నే. టీవీల దినాం కనవడ్తది" అంది చిన్నమ్మ. జంగుబాయి కాసేపు ఆలోచించి, "మరి మేం ఆల్లకు కనవడ్తమా?" అంది. చిన్నమ్మ వంగి ఇంకో నారుకట్ట విప్పుకుంది.

మా మహారాష్ట్ర ఓటు రోజున మాత్రం ఆమె వేషమే వేరు. ఇస్త్రీ చీర కట్టుకుని, తలకు నూనె రాసుకుని, పెళ్లికి పోయినట్టు పొద్దున్నే వరుసలో ముందు నిలబడేది. తిరిగొచ్చాక ఎవరికి వేశావని అడిగితే ఎంత గింజుకున్నా చెప్పేది కాదు. ఏడాది పొడుగునా ఊరందరికీ చెవులు చిల్లులు పడేలా అరిచే మనిషి ఆ ఒక్క ముక్క దగ్గర నోరు మూసుకునేది. "గది నాకు, మిషన్‌కు నడిమిట్ల" అనేది.

ఇదంతా వినడానికి సరదాగానే ఉంటుంది. ఇంట్లో పెళ్లికి ఎదిగిన పిల్ల ఉంటే తెలుస్తుంది ఈ నోటితో ఎంత పరేషానో. చిన్నమ్మకు ఒక్కతే కూతురు, స్వరూప. నాకంటే చిన్నది. మొదటి సంబంధం అహేరి వైపు నుంచి వచ్చింది. పిల్లవాడి తండ్రి ఎవరో నాయకుణ్ణి మెచ్చుకుంటూ, ఆయన తర్వాత పార్టీ పగ్గాలు కొడుక్కే రావడం ధర్మం అన్నాడు. చిన్నమ్మ ఊరుకుంటుందా? "మీ దుకాణం మీ కొడుక్కు ఇస్తరు, మంచిదే. ఊరోల్ల దుకాణం గూడ మీ కొడుక్కే ఇస్తమంటె ఎట్లన్నా?" అంది. వాళ్లు చాయ్ తాగి వెళ్లిపోయారు. రెండో సంబంధంలో పిల్లవాడి మేనమామ అప్పుడే పార్టీ మారిన మనిషి. ఆయనకు మంచినీళ్లు ఇస్తూ, "ఇల్లరికం ఎట్లున్నదన్నా, మంచిగ సూసుకుంటున్నరా?" అని అడిగింది. వాళ్లు చాయ్ కూడా తాగలేదు. నాకైతే ఆ రోజు ఒళ్లు మండి ఆమెతో రెండు రోజులు మాట్లాడలేదు. స్వరూప లోపల కూర్చుని గాజులు తీసి గూట్లో పెట్టేసింది.

మూడో సంబంధం అవతలి ఒడ్డు నుంచి. చెన్నూరు దగ్గరి పల్లె. ఇది స్వరూప మనసులో ఉన్న సంబంధం. మా చుట్టాల పెళ్లిలో ఆ పిల్లవాడు వడ్డిస్తూ, అడక్కుండానే ఈమె ఆకులో రెండోసారి పాయసం వేశాడట. అంతే. ఆ పాయసం గురించి నాకు ఎన్నిసార్లు చెప్పిందో! వచ్చిన చిక్కల్లా పిల్లవాడి తండ్రితోనే. ఆయన ఉన్నాయన పార్టీకి వీరాభిమాని. ఇంటి మీద జెండా, మెడలో కండువా. పైగా అవతల సరిగ్గా ఎలక్షన్ల ఎండకాలం. చిన్నమ్మ ఆ ఏడాది రావాలనుకునేటాయన పక్షం అని వేరే చెప్పక్కర్లేదు.

ముందు రోజు స్వరూప తల్లి ఎదురుగా నిలబడి, "అమ్మా, ఇది గిట్ల పోయిందంటె నేను ఇంకెవల ముంగట కూసోను. నీ ఢిల్లీతోని, నీ హైదరాబాదుతోని నువ్వే కాపురం చెయ్యి" అంది. ఏడవలేదు, అరవలేదు. చిన్నమ్మ కూతురి నెత్తి మీద చెయ్యి పెట్టింది. "నోరు కుట్టుకుంట బిడ్డా. నీ మీద ఒట్టు" అంది.

ఇల్లంతా సర్దాం. టీవీ మీద దుప్పటి కప్పి, దాని మీద పూలకుండీ పెట్టాం. వంటింటి అల్మారాలో అరల్లో పరిచిన పాత పేపర్ల నిండా నాయకుల ముఖాలే ఉంటే, చూస్తే ఈమెకు ఏం గుర్తొస్తుందో అని వాటన్నిటినీ నేను తిరగేసి పరిచాను. తిరగేస్తే ఆ పక్కనా వాళ్లే ఉన్నారు, ఖర్మ! డబ్బాలు అడ్డం పెట్టాను.

పొద్దు కాస్త ఎక్కాక నావ దిగి వచ్చారు. పిల్లవాడు, తల్లి, తండ్రి. తండ్రి పెద్ద మీసాల మనిషి, కండువా మీదేసుకునే వచ్చాడు. మంచం మీద కూర్చుంటూనే, "మా దిక్కు ఎండల కన్న ఎలక్షన్లే మండుతున్నయి" అని చిన్నమ్మ వైపు చూశాడు.

"అటుకుల పోహ తిను అన్నా, వేడిగున్నది" అంది చిన్నమ్మ.

"ఈసారి గూడ మా సారే వస్తడని అందరంటున్నరు."

"చాయల చక్కెర సరిపోయిందా?"

"గా ఇంకోనికి నిలవెట్టెతందుకు మనుషులే దొరుకుతలేరట."

చిన్నమ్మ లేచి వంటింట్లోకి వచ్చింది. వెనకే నేనూ. చెంబెడు నీళ్లు గటగటా తాగి, బియ్యం డబ్బాకు నుదురు ఆనించి, "నా పానం పోతాందే" అంది. నేను వీపు నిమిరాను. పాపం, మళ్లీ వెళ్లి కూర్చుని వానల గురించి అడిగింది. ఆయన రోడ్ల గురించి అన్నాడు, కరెంటు గురించి అన్నాడు, చివరికి రావాలనుకునేటాయన పాదయాత్రలను కూడా ఎగతాళి చేశాడు. ఆమె కాలి బొటనవేలితో నేల గీరుతూ కూర్చుంది తప్ప పెదవి విప్పలేదు. చిన్నబాపు నా వైపు చూసి, గండం గడిచిందన్నట్టు కళ్లతోనే నవ్వాడు.

ఇంతలో ఆ మీసాల పెద్దమనిషి గ్లాసు కింద పెట్టి లేచాడు. ఆయన ముఖం వాడిపోయి ఉంది. "పోదాం పారి, నావ యాళ్లైంది" అన్నాడు పెళ్లాంతో. నావకు ఇంకా చాలా పొద్దుంది. పిల్లను ఇంకా పిలవనే లేదు.

"ఏమైందన్నా?" అని చిన్నబాపు అడ్డం వెళ్లాడు.

"ఏం కాలే. మాకు సమజైంది. మీకు మా సంబంధం మీద మనసు లేదు."

"అయ్యో, గదేం మాట!"

"మీ ఇంటామె నోరు ఈ ఒడ్డుకు, ఆ ఒడ్డుకు ఎరుకే. ఎవలచ్చినా కొట్లాడి పంపిస్తదని చెప్పిన్రు. నేను నావ ఎక్కినకాడి సంది జవాబులు తయారు చేసుకుంట వచ్చిన. ఎన్ని తీర్ల అన్న! ఒక్క మాటకన్న మారు మాట లేకపాయె. కొట్లాడెతందుకు గూడ పనికిరానోల్లమైతిమి. ఇగ పిల్లనేం ఇస్తరు?"

ఆయన అన్నదాంట్లో తప్పూ లేదు. మా వైపు చుట్టం ఇంటికొస్తే మాట కలపకపోవడం కంటే పెద్ద అవమానం ఇంకోటి లేదు. చిన్నమ్మ నోరు తెరిస్తే ఒట్టు తప్పుతుంది, తెరవకపోతే సంబంధం తప్పుతుంది. చేతులు జోడించి నిలబడింది.

అప్పుడు లోపలి గదిలోంచి స్వరూప వచ్చింది. పిలవందే రాకూడదు కదా, వచ్చేసింది. టీవీ మీది పూలకుండీ తీసి నా చేతికిచ్చింది. దుప్పటి గుంజి పారేసింది. "అమ్మా, ఒట్టు తీసేసిన. ఇగ మాట్లాడు" అంది.

చిన్నమ్మ కూతురి ముఖం చూసింది, ఆయన ముఖం చూసింది. కొంగు నడుముకు దోపుకుంది. "కూసో అన్నా! మనుషులు దొరుకుతలేరంటివి గద, మీ ఉన్నాయనకు మనుషులు ఏడికెల్లి దొరికిన్రో ముందుగాల చెప్తా ఇను" అంది. పెద్దమనిషి ముఖం ఎంత విప్పారిందంటే, కండువా సర్దుకుని మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

ఇక ఏం చెప్పమంటారు! అన్నం వడ్డిస్తే చేతిలో ముద్ద చేతిలోనే. రైతుల కరెంటు, ఉల్లిగడ్డ ధర, ఢిల్లీ యారాండ్లు, ఎవడు ఎవడి కాళ్లు పట్టుకున్నాడు, అన్నీ అయ్యాయి. ఆయన "ఆధారమేంది?" అని, ఈమె "సప్పుడు బంద్ చేసి సూడలేదా?" అని. ఆయన పెళ్లాం, మా చిన్నబాపు ఒక మూల కూర్చుని తమ తమ కష్టాలు చెప్పుకున్నారు. ఆ సందట్లో పిల్ల, పిల్లవాడు పెరట్లో జామచెట్టు దగ్గర నిలబడి హాయిగా మాట్లాడుకున్నారు. పెళ్లిచూపులంటే వాళ్లవే. మమ్మల్ని ఎవరు చూశారు!

నావాయన కేకలు వేస్తే తప్ప కదల్లేదు. రేవు దాకా కొట్లాడుతూనే నడిచారు. నావ కదిలాక కూడా మీసాలాయన కూర్చోలేదు. చిన్నమ్మ చీర పైకి పట్టుకుని మోకాలి లోతు నీళ్లలోకి దిగి జవాబు చెబుతోంది. "పిల్ల మాకు నచ్చింది చెల్లె!" అని ఆయన అక్కడి నుంచి అరిచాడు. "ముహూర్తం కౌంటింగ్ అయినంక పెట్టుకుందాం! పెండ్లిల గెలిచినోల్లు మాట్లాడాలె, ఓడినోల్లు ఇనాలె! ఒప్పుకుంటవా?"

"ఒప్పుకున్న!" అని చిన్నమ్మ రెండు చేతులూ ఎత్తింది. చీర తడిసిపోయింది.

ఉన్నాయన ఓడిపోయాడు. మామూలుగా కాదు, చిత్తుగా. చిన్నమ్మ శీర వండి వాడకట్టంతా పంచింది. ఆ కొద్దిరోజులకే పెళ్లి. వియ్యంకుడు పాపం ఈసారి కండువా లేకుండా వచ్చాడు. మెడ బోసిగా ఉంది. ఈమె ఏమంటుందోనని మేమందరం ఊపిరి బిగబట్టి తిరుగుతున్నాం. మగపెళ్లివాళ్లు కూడా చెవులు రిక్కించే ఉన్నారు. ఎదురుకోలప్పుడు ఏమీ అనలేదు. తాళి కట్టేటప్పుడు అనలేదు. విందులో ఆయనే ఆగలేక, "ఏంది చెల్లె, ఇంకెప్పుడంటవు?" అని అడిగేశాడు. "తిను అన్నా, చల్లారుతది" అని కూర వేసి వెళ్లిపోయింది. అందరూ ఉన్నప్పుడు, చివర్లో ఒక్కసారే దంచుతుందిరా అనుకున్నాం.

అప్పగింతల వేళ అయింది. పళ్లెంలో పాలు పోసి, స్వరూప చేతులు అందులో ముంచి, అత్తమామల చేతుల్లో పెట్టాలి. చిన్నమ్మ పెట్టింది. పెట్టాక తన చెయ్యి తీయలేకపోయింది. పాలు కారుతున్నాయి, పూజారి తొందరపెడుతున్నాడు, ఆమె వదలడం లేదు. ముఖం నిండా నీళ్లు. అంత నోరున్న మనిషి అలా మాట లేకుండా నిలబడితే చూడలేకపోయాం. వియ్యంకుడూ చూడలేకపోయాడు కాబోలు, నవ్వించాలని మెల్లగా, "చెల్లె, మాట ఒప్పుకున్నం గద. గెలిచినోల్లు మాట్లాడాలె. గిప్పుడన్న అను, ఇంట" అన్నాడు.

చిన్నమ్మ భుజంతో కళ్లు తుడుచుకుంది.

"నేనేడ గెలిచిన అన్నా? పిల్ల మీ దిక్కు వస్తాంది. గెలిచినోల్లు మీరే. ఇగ మీరే మాట్లాడాలె" అంది. కూతురి చెయ్యి ఆయన చేతిలో పెట్టి, పైనుంచి తన రెండు చేతులతో మూసింది. "మా పిల్లతోని జర మెల్లగ మాట్లాడున్రి."